సోటెన్ సంతకంతో త్సుబా కొన్నాను, అసలుదో నకలో ఎలా తేల్చుకోవాలి?

నిషికసాయ్_నాని
మూడు రోజులుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. టోక్యో వచ్చి ఆరేళ్లయింది. జపాన్ కత్తులంటే నాకు ప్రాణం. కత్తి కొనే స్తోమత లేక మొన్న ఆదివారం పాత సామాన్ల సంతలో ఒక త్సుబా కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, త్సుబా అంటే కత్తి పిడికీ అలుగుకీ మధ్య ఉండే బిళ్ల, చెయ్యి జారి అలుగు మీదకి పోకుండా ఆపేది. నాది ఇనుముది. ఎత్తు 7.4 సెంటీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు. ఇటు నుంచి అటు కనిపించేలా తొలిచి పైన్ చెట్టు, దాని కింద ఇద్దరు ముసలి పండితులు, వెనకాల వీణ లాంటిదేదో మోస్తున్న కుర్రాడు. ముఖాల మీద, బట్టల అంచుల మీద బంగారం, వెండి. సంతకం "గోషూ హికోనె జూ, మొగరాషి న్యూడో సోటెన్ సెయ్" అని ఉంది, అంటే హికోనె ఊరివాడైన సోటెన్ చేసింది అని. 42,000 యెన్లు ఇచ్చాను. అమ్మినాయన ఎదో కాలం (1603-1868, జపాన్‌ని షోగున్లు అనే సైనిక పాలకులు ఏలిన రోజులు) మధ్యలోది, నిఖార్సైన సోటెన్ అన్నాడు. ఆఫీసులో ఒక జపనీస్ పెద్దాయనకి చూపిస్తే సంతకం చదివి "సోటెనా, అన్నీ నకళ్లేగా" అని తిరిగి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

బందరు_బాబు
42 వేల యెన్లంటే మన డబ్బుల్లో ఇరవై వేల పైనే కదా. ఇంట్లో చెప్పావా తమ్ముడూ?

నిషికసాయ్_నాని
@బందరు_బాబు చెప్పాను అన్నా. "గోడకి తగిలించుకుంటావా, మెడలో వేసుకుంటావా" అని అడిగింది.

తుప్పు_మామ
నాని, ముందు సంతకాన్ని మర్చిపో. నేను నగోయాలో పంతొమ్మిదేళ్లుగా ఇనుప త్సుబాలే చూస్తున్నాను, సంతకం చదివి మొదలుపెట్టిన ప్రతిసారీ దెబ్బ తిన్నాను. నాలుగు ఫొటోలు పెట్టు. ఒకటి అంచు పక్క నుంచి. రెండోది తొలిచిన చోట లోపలి గోడలు, వెలుతురు ఏటవాలుగా పడాలి. మూడోది మధ్య రంధ్రం, అదే అలుగు మొదలు దూరే చోటు. నాలుగోది దాని చుట్టూ ఉండే కోడిగుడ్డు ఆకారపు చదును, సెప్పాదై అంటారు. బొమ్మ ఎంత బాగుందో నాకు అక్కర్లేదు, ఇనుము చూడాలి.

సోటెన్ గురించి మీ ఆఫీసు పెద్దాయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. హికోనె అంటే బివా సరస్సు ఒడ్డున, ఇప్పటి షిగా ప్రాంతం. అక్కడి సోటెన్ ఈ తొలిచిన మనుషుల బొమ్మలతో ఎంత పేరు తెచ్చుకున్నాడంటే ఆ పద్ధతికే హికోనె చెక్కడం అని పేరు పడింది. దాంతో క్యోటోలో, అయిజులో చేసినవాళ్లు కూడా ఆయన సంతకమే కొట్టి అమ్మారు. ఆ సంతకంతో ఇప్పుడు దొరికేవాటిలో ఆయన చేతివి చాలా చాలా తక్కువ. అయితే "నకలు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే కుదరదు. నిన్న మొన్న అచ్చులో పోసిన ముక్క వేరు, రెండు వందల ఏళ్ల కింద ఒక పనివాడు నెలల తరబడి కూర్చుని చెక్కి, పెద్దాయన పేరు వేసుకున్న ముక్క వేరు. నీ చేతిలో ఉన్నది ఈ రెండిట్లో ఏదో ముందు తేలాలి.

ర్యోగోకు_రాజు
ఇంత చర్చ దేనికి? పత్రం లేని వస్తువు కొనకూడదు, అంతే. ర్యోగోకులో కత్తుల మ్యూజియం ఉంది, అది నడిపే ఎన్‌బీటీహెచ్‌కే, అంటే జపాన్ కత్తుల పరిరక్షణ సంఘమే, పరిశీలన చేసి పత్రం ఇస్తుంది. 1948 నుంచి ఉన్న సంఘం. హొజోన్, తొకుబెత్సు హొజోన్, జూయో, తొకుబెత్సు జూయో అని పత్రాల్లో కింద నుంచి పైకి నాలుగు మెట్లు. అక్కడ ఇచ్చేసి హాయిగా పడుకో.

తుప్పు_మామ
@ర్యోగోకు_రాజు సంతకం దొంగదని వాళ్లు అనుకుంటే పత్రం రాదు, వస్తువు వెనక్కి వస్తుంది. సోటెన్ సంతకమున్న మామూలు ముక్క పంపితే దాదాపు జరిగేది అదే. రుసుమూ పోతుంది, అది చేతి పనా పోతా అన్నదీ తేలదు. ఖరీదైనవాటికి పత్రం కావాల్సిందే, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కానీ నేర్చుకోవాలనుకునేవాడు కళ్లు వాడాలి.

గీటురాయి
మా నాన్న ప్రొద్దుటూరులో నగల పని చేస్తారు, నేను పదో తరగతి దాకా ఆయన పక్కనే కూర్చుని ఆకురాయి పట్టినవాణ్ని. జపాన్ సంగతి నాకు ఇక్కడే, యోకోహామాలో తెలిసింది కానీ, పోత పనికీ కొట్టిన పనికీ తేడా ఏ దేశంలోనైనా ఒకటే.

తొలిచిన రంధ్రం లోపలి గోడ చూడండి. చేత్తో చేసినదైతే ముందు చిన్న బెజ్జం వేసి, సన్న రంపంతో కోసి, ఆకురాయితో సాపు చేస్తారు. ఆ ఆకురాయి గీతలు ఎంత అరిగినా గోడకి ఎక్కడో ఒకచోట ఒకే వాలులో మిగులుతాయి. మూలలు మూలల్లానే ఉంటాయి, చెట్టు కొమ్మ రెండుగా చీలేచోట సందు లోపలికంటా పదునుగా పోతుంది. పోతలో ఆ సందు గుండ్రంగా చచ్చిపోయి ఉంటుంది, బెల్లం పాకం గట్టిపడ్డట్టు. గోడ మీద ఇసక రవ్వలా గుంటలు. అచ్చు రెండు ముక్కలు కలిసినచోట అంచు మధ్యలో చుట్టూ సన్న గీత. దాన్ని అంచు మీద అరగదీస్తారు కానీ లోపలి రంధ్రాలన్నిట్లో అరగదీసే ఓపిక ఎవరికీ ఉండదు. దొరికేది అక్కడే.

చింతచెట్టు_ఒసాకా
@గీటురాయి పాకం పోలిక భలే చెప్పారు, ఇక మర్చిపోను.

నిజామాబాద్_నవీన్
జపాన్ కత్తుల్లో వాడిన ఇనుము మన కోనసముద్రం ఉక్కే అని ఎక్కడో చదివాను. నాని గారి త్సుబా కూడా మన ఊరి ఇనుమేనేమో!

తుప్పు_మామ
@నిజామాబాద్_నవీన్ కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడి దాకా వచ్చి కొనుక్కుపోయింది నిజమే, దానికి మనం గర్వపడొచ్చు. జపాన్‌లో ఎచిజెన్ యసుత్సుగు లాంటి కత్తుల కమ్మరి "నాన్‌బాన్ ఇనుముతో చేసింది" అని అలుగు మొదలు మీద చెక్కేవాడు, అంటే విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఇనుము. ఆ రెండు సంగతుల్నీ కలిపి మన ఊరి పేరు రాసేయకండి. పైగా అది అలుగుల సంగతి, నాని త్సుబాకి సంబంధం లేదు.

నిజామాబాద్_నవీన్
సరే మామా, ఒప్పుకున్నా. పర్షియా దాకా చాలు.

నిషికసాయ్_నాని
ఫొటోలు పెట్టాను. అయస్కాంతం పట్టుకుంది. ఇంకో సంగతి, మధ్య రంధ్రానికి పైనా కిందా ఎర్రగా రాగి ముక్కలు ఇరికించి ఉన్నాయి. ఇది ఎవరో విరిగితే అతికించారా? దాని చుట్టూ ఉలితో పొడిచిన గాట్లు కూడా ఉన్నాయి.

తుప్పు_మామ
అయస్కాంతం ఇనుము అని చెప్తుంది అంతే, పోత ఇనుముకీ అంటుకుంటుంది. రాగి ముక్కలు మాత్రం సంతోషపడాల్సిన విషయం. సెకిగనె అంటారు. త్సుబాని ఒక కత్తి నుంచి తీసి ఇంకో కత్తికి వేసినప్పుడు రంధ్రం వదులైతే కదలకుండా మెత్తటి రాగి పెడతారు. ఉలి గాట్లూ అందుకే, రంధ్రాన్ని బిగించడానికి. అంటే నీది ఎప్పుడో ఒకప్పుడు నిజం కత్తి మీద కూర్చుంది. చదును మీద చూడు, సంతకం దగ్గర రంగు కొంచెం తేడాగా కోడిగుడ్డు నీడ పడింది కదా, అది సెప్పా అనే పల్చటి రేకు ఆనిన గుర్తు.

ర్యోగోకు_రాజు
అదే సాక్ష్యమనుకుంటే మోసపోతారు. రాగి ముక్క ఇరికించడానికి అయిదు నిమిషాలు చాలు. కొత్త పోత ముక్కకి సెకిగనె పెట్టి, ఉప్పు నీళ్లతో తుప్పు పట్టించి అమ్మితే నేనే కొన్నాను 2016లో. పెట్టె కూడా ఉంది దానికి, పాత చెక్కపెట్టె, మూత మీద సిరాతో పండితుడి రాత. పెట్టె అసలుదే, లోపల వస్తువు మార్చేశారు. అప్పటి నుంచే పత్రం పత్రం అని మొత్తుకుంటున్నా.

తుప్పు_మామ
@ర్యోగోకు_రాజు ఆ బాధ అర్థమైంది. ఒక్క గుర్తుని పట్టుకుని వేలాడకూడదన్నది నిజం. దానికి తిరగేసి కూడా చెప్పాలి, సెకిగనె లేనంత మాత్రాన నకలూ కాదు. కత్తికి ఎక్కకుండా ఉండిపోయినవి బోలెడున్నాయి. 1876లో కత్తి ధరించడం నిషేధించాక పనివాళ్లు విదేశీ కొనుగోలుదార్ల కోసం చేసినవాటిలో కళ్లు చెదిరే పని ఉంది, రంధ్రం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇంకా ఒక మాట, పత్రాలకీ నకళ్లున్నాయి. 1982కి ముందు వచ్చిన పాత రకం పత్రాల్ని ఈ రోజు అనుభవమున్న కొనుగోలుదారు ఎవరూ కళ్లు మూసుకుని నమ్మరు.

బోస్టన్_భాను
పత్రాల మాట వచ్చింది కాబట్టి... కత్తి అలంకారాలు చెక్కే గోతో వంశం వాళ్లు తమ పూర్వీకుల పనిని గుర్తుపట్టి రాసిచ్చే పత్రాన్ని ఒరిగామి అనేవారు. కాగితం కొంగల ఒరిగామి కాదండోయ్, మాట మాత్రం అదే, మడిచిన కాగితం. గోతో యూజో 15వ శతాబ్దంలో అషికాగా షోగున్ యోషిమసా దగ్గర మొదలుపెడితే పదిహేడు తరాలు నడిచింది ఆ ఇల్లు. తొలి తరాల వాళ్లు సంతకం చేసేవారు కాదు, అందుకే మనవళ్లు, మునిమనవళ్లు చూసి "ఇది మా ఫలానా తాతది" అని రాయాల్సొచ్చింది. ఆ ఒరిగామిలకీ దొంగవి పుట్టాయి!

మా ఊరి మ్యూజియంలో బిగెలో అనే ఆయన ఇచ్చిన త్సుబాలు చాలా ఉన్నాయి, ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. నేను రోజూ పడుకునే ముందు పది చూస్తా. ఏడాది చూశాక చెత్త దానంతటదే కంటికి గుచ్చుకోవడం మొదలైంది.

గీటురాయి
నాని గారూ, మీ మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. కుర్రాడి చంక కింద సందులో ఏటవాలు గీతలున్నాయి. నా కంటికి అది ఆకురాయే. కొమ్మల మధ్య సందులు కూడా పదునుగానే ఉన్నాయి. పోత కాదనే అంటాను.

చార్మినార్_చిన్నోడు
మా ఇంట్లో తాతగారి కాలం నాటి బిద్రీ హుక్కా ఉంది. నల్లటి ఒంటి మీద వెండి. ఈ త్సుబాల బంగారం కూడా అలాగే గాడి తీసి పొదుగుతారా, లేక పైన పూతా? నాని భాయ్ ఫొటోలో పండితుడి బట్ట మీద బంగారం సగం పోయినట్టుంది, అది పూతేమో అని డౌట్.

తుప్పు_మామ
@చార్మినార్_చిన్నోడు మంచి ప్రశ్న. రెండు మూడు పద్ధతులున్నాయి. మీ బిద్రీలో లాగా గాడి తీసి తీగ దిగ్గొట్టేది ఒకటి. ఇంకోటి నునోమె, అంటే గుడ్డ నేత. ఇనుము మీద సన్న ఉలితో అడ్డంగా నిలువుగా గుడ్డ నేతలా గీతలు గీకి, ఆ గరుకు మీద పల్చటి బంగారు రేకు పెట్టి కొడితే పట్టుకుంటుంది. రేకు అరిగిపోయినచోట కింద ఆ నేత గీతలు బయటపడతాయి. కరెంటు పూత గానీ రంగు గానీ అయితే పోయినచోట కింద నున్నటి ఇనుమే ఉంటుంది. నాని, పది రెట్ల భూతద్దం కొని బంగారం పోయినచోటే చూడు. బంగారం ఉన్నచోట కాదు, పోయినచోట.

చింతచెట్టు_ఒసాకా
తుప్పు కనిపిస్తోంది కదా అని నాని గారు ఏమీ చేయకముందే నా గోడు చెప్పాలి. మా ఆయన నాకు పెళ్లిరోజుకి ఫుచి, కషిరా జత కొనిచ్చారు, పిడికి మొదట్లో చివర్లో వేసే తొడుగులు. షకుదోవి. రాగిలో నాలుగు శాతం దాకా బంగారం కలిపితే వచ్చే లోహం, దాన్ని ద్రావకంలో మరగబెడితే కాకి రెక్కలా నీలం తిరిగే నలుపు వస్తుంది. దాని మీద నానకో, అంటే చేప గుడ్లలాంటి గింజలు, ఒక్కోటి ఒక్కో దెబ్బతో కొట్టినవి, వరసలు దారం పట్టినట్టు ఉంటాయి.

మా అత్తగారు ఊరి నుంచి వచ్చారు. నేను ఆఫీసులో ఉన్నా. సాయంత్రం వచ్చేసరికి "అమ్మాయ్, ఇత్తడి సామాను ఎంత మసిపట్టించావే" అని నవ్వుతూ చేతిలో పెట్టారు. చింతపండు, ఉప్పు పెట్టి తోమేశారు. ఎర్రగా, కొత్త రాగి చెంబులా మెరుస్తున్నాయి. ఆవిడ ప్రేమగా చేసిన పని, నేను ఏమీ అనలేకపోయాను. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

తర్వాత క్యోటోలో ఒక పనాయన దగ్గరికి తీసుకెళ్తే, నలుపు అంతా పైన చర్మమంత పొర మాత్రమేనని, తీసేస్తే మళ్లీ పుట్టించాలని చెప్పాడు. తురిమిన ముల్లంగి రసంలో ముంచి, రొకుషో అనే పచ్చటి రాగి లవణం కలిపిన నీళ్లలో మరిగించాడు. నలుపు తిరిగొచ్చింది. గింజల నెత్తిన రెండు వందల ఏళ్ల చేతి మెరుపు మాత్రం రాలేదు.

బందరు_బాబు
అక్కా, చదువుతుంటే నాకే గుండె జారింది.

గీటురాయి
@చింతచెట్టు_ఒసాకా మా ఇంట్లో చింతపండు నీళ్లు ఎప్పుడూ గిన్నెలో సిద్ధంగా ఉండేవి, వెండి బంగారాలకి అలవాటు. ఇక్కడ ఆ చేతులు కట్టేసుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మన దగ్గర మెరవాలి, వీళ్ల దగ్గర మెరవకూడదు.

తుప్పు_మామ
ఇనుముకీ అంతే. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఇనుప బ్రష్, ఇసక కాగితం ఏదీ దగ్గరికి రానివ్వకు నాని. నల్ల తుప్పు దాని ఒంటి రంగు, అది ఉండాలి. ఎర్రగా పొడి రాలే తుప్పు ఉంటే జింక కొమ్ము ముక్కనో ఎముక ముక్కనో మొన దేలేలా అరగదీసి మెల్లగా గీకు, ఇనుముకంటే మెత్తన కాబట్టి గాయం చేయదు. తర్వాత నూలు గుడ్డతో రోజూ టీవీ చూస్తూ రుద్దుకో. చేతి చెమట తగిలితే తుడిచి పెట్టు.

సేలం_సుధ
నేను మెనుకి జత ఆన్‌లైన్‌లో చూస్తున్నా, పిడి తాడు కింద పెట్టే చిన్న బొమ్మలు, రెండు సింహాలు. గోతో పని అని రాశారు. ముందు వైపు చాలా బాగుంది. ఏం చూడాలి?

గీటురాయి
@సేలం_సుధ వెనక వైపు ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. పాతవి పల్చటి రేకుని వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తుగా తేల్చి, తర్వాత ముందు నుంచి చెక్కినవి. వెనక డొల్లగా, సుత్తి నొక్కులతో, సింహం ఒంపులే లోపలి నుంచి కనిపిస్తాయి. మధ్యలో చిన్న కాడ ఉంటుంది. పోతవి బరువుగా, వెనక చదునుగా గరుకుగా ఉంటాయి.

భాను గారు అన్నట్టు గోతో తొలి తరాలకి సంతకమే లేదు కాబట్టి మీకు దిక్కు ఆ వెనక వైపే.

బోస్టన్_భాను
చిన్న సవరణ, "పోత అంటే నకలు" అని ఎవరూ రాసుకోకండి. లోహపు అద్దాలు పోసే పనివాళ్లు చేసిన కంచు త్సుబాలు, కగామిషి అంటారు, అవి పుట్టుకతోనే పోతవి, పాతవి కూడా. ఇక్కడ మనం మాట్లాడుతున్నది ఇనుము సంగతి.

తుప్పు_మామ
@బోస్టన్_భాను చెప్పినందుకు థాంక్స్, నేనే చెప్పాల్సింది.

నిషికసాయ్_నాని
భూతద్దం వచ్చింది. నిన్న రాత్రి పదకొండు నుంచి రెండింటి దాకా కూర్చున్నాను. పండితుడి చేతి అంచు దగ్గర బంగారం పోయినచోట గీతలున్నాయి మామా! అడ్డం, నిలువు, అచ్చం గుడ్డ నేతే. ఒకచోట ఆ గీతల మధ్య ఇసక రేణువంత బంగారం ఇంకా ఇరుక్కుని మెరుస్తోంది. లోపలి గోడల మీద ఆకురాయి గీతలు గీటురాయి గారు చెప్పిన చోటే కాకుండా ఇంకో నాలుగు చోట్ల దొరికాయి. అచ్చు గీత ఎక్కడా లేదు.

తుప్పు_మామ
ఇప్పుడు ముఖాలు చూడు. కళ్లు ఎలా ఉన్నాయి? చెవులున్నాయా? సంతకం గీతలు ఎంత లోతు?

నిషికసాయ్_నాని
ముసలాయనలకి కళ్లు ఉలితో పొడిచిన చుక్కలే. ఒకాయనకి చెవి ఉంది, ఇంకోఆయనకి లేదు. బట్ట మడతలు మూడే గీతలు. సంతకం పల్చగా, తొందరగా చెక్కినట్టుంది, చివరి అక్షరం రాగి ముక్క కిందకి కొంచెం పోయింది. ఫొటో పెట్టాను.

తుప్పు_మామ
ఇక నా అభిప్రాయం చెప్తా. కాల్చి కొట్టిన ఇనుము, చేత్తో తొలిచింది, బంగారం రేకు పొదుగు, కత్తి మీద వాడింది. సంతకం మీదకి రాగి వచ్చిందంటే సెకిగనె పెట్టేనాటికే సంతకం ఉంది, ఈ మధ్య చెక్కి అమ్మింది కాదు. సోటెన్ చేతిదా అంటే కాదు. ఆయన దగ్గర మనిషి ముఖం చుక్కలతో అయిపోదు. ఎదో కాలం చివర్లో హికోనె పద్ధతిలో వేరేచోట, బహుశా అయిజులో చేసి ఆ పేరు వేశారు. "నిఖార్సైన సోటెన్" అని అమ్మడం అబద్ధమే, అది అమ్మినవాడి తప్పు. వస్తువు మాత్రం అబద్ధం కాదు. 42 వేలు కొంచెం ఎక్కువ, ఘోరమేమీ కాదు.

ర్యోగోకు_రాజు
ముఖాల విషయం నేనూ ఒప్పుకుంటున్నా. అయినా శనివారం రా నాని, ర్యోగోకు మ్యూజియంలో నిజమైన మంచి పని అద్దం వెనక ఉంటుంది, ఒకసారి పక్కపక్కన మనసులో పెట్టుకుని చూడు. నేను స్టేషన్ పడమర గేటు దగ్గర ఉంటా. నా 2016 నకలు కూడా తెస్తా, రెండూ చేత్తో పట్టుకుంటే నీకే తెలుస్తుంది.

నిషికసాయ్_నాని
వస్తాను రాజు గారూ, తప్పకుండా. మామా, ఇంకో చిన్న సంగతి అడగాలి. కుర్రాడు మోస్తున్న వీణని పట్టుకున్న చెయ్యి ఉంది కదా. త్సుబా తిప్పి వెనక నుంచి చూస్తే ఆ వేళ్లు నాలుగూ విడివిడిగా చెక్కి ఉన్నాయి. ముఖాలకి చుక్కలు పెట్టినాయన, అలుగు వైపు ఎవరికీ కనిపించని చోట వేళ్లు ఎందుకు చెక్కాడు?

తుప్పు_మామ
ఆ ఫొటో పెట్టు. పెద్దదిగా.